పేస్‌మేకర్, పథ్యం, తాయెత్తు

పేస్‌మేకర్ అగ్గిపెట్టె కన్నా చిన్న టైటానియం పరికరం. బరువు 20 నుంచి 30 గ్రాములు. దీన్ని సాధారణంగా ఎడమ పక్క మెడ ఎముక కింద, చర్మం లోపల అమరుస్తారు. దాన్నుంచి బయలుదేరిన సన్నని తీగలు రక్తనాళం గుండా గుండెలోకి వెళతాయి. పరికరం ప్రతి స్పందననూ గమనిస్తూ, గుండె ఆలస్యం చేసినప్పుడు చిన్న విద్యుత్ ప్రేరణ ఇస్తుంది. బ్యాటరీ సాధారణంగా 8 నుంచి 12 ఏళ్లు వస్తుంది. అది తగ్గిపోయినప్పుడు ఆ టైటానియం డబ్బాను మారుస్తారు, తీగలు బాగుంటే వాటినే ఉంచుతారు. కర్నూలు, కడప జిల్లాల్లో జనం దీన్ని ‘గుండెకు బ్యాటరీ పెట్టారు’, ‘మిషన్ వేశారు’ అని చెప్పుకుంటారు.

శరీరంలో పూర్తిగా అమర్చిన మొదటి పేస్‌మేకర్‌ను 1958 అక్టోబరులో స్వీడన్‌లో ఆర్నే లార్సన్ అనే రోగికి పెట్టారు. పరికరాన్ని తయారుచేసింది ఇంజనీరు రూనే ఎల్మ్‌క్విస్ట్, శస్త్రచికిత్స చేసింది ఓకే సెన్నింగ్. ఆ మొదటి పరికరం కొన్ని గంటలే పనిచేసింది. అయినా మారుస్తూ, మెరుగుపరుస్తూ పోయారు. లార్సన్ ఇరవైకి పైగా పరికరాలతో 2001 వరకు జీవించి, 86 ఏళ్ల వయసులో క్యాన్సర్‌తో మరణించాడు. అప్పటికి ఆ ఇంజనీరూ, ఆ వైద్యుడూ కూడా లేరు. చెడిపోయిన ప్రతి పరికరమూ ఎందుకు చెడిపోయిందో వెతికారు కాబట్టే తర్వాతిది బాగుపడింది. నమ్మకానికి ఈ అలవాటు లేదు. తాయెత్తు పనిచేయకపోతే లోపం కట్టించుకున్నవాడి భక్తిలోనే వెతుకుతారు.

పేస్‌మేకర్ అవసరమయ్యే జబ్బు చాలా ఇళ్లలో మొదట జబ్బుగా కనిపించదు. గుండె పై గదుల నుంచి కింది గదులకు విద్యుత్ సంకేతం పూర్తిగా ఆగిపోయినప్పుడు (పూర్తి హార్ట్‌బ్లాక్) స్పందన నిమిషానికి 30, 40కి పడిపోతుంది. మధ్యలో కొన్ని సెకన్లు అసలే ఆగిందంటే మెదడుకు రక్తం అందక మనిషి ఉన్నచోటే కూలిపోతాడు. కాళ్లూ చేతులూ కొట్టుకోవచ్చు. చుట్టూ చేరినవాళ్లు ఫిట్స్ అనుకుని తాళం చెవుల గుత్తి చేతిలో పెట్టి బిగించి పట్టుకుంటారు, ఉల్లిపాయ కోసి ముక్కు దగ్గర పెడతారు. అర నిమిషంలో మనిషి కళ్లు తెరుస్తాడు. ఇనుముకు మహిమ ఉందని అక్కడున్న అందరూ తమ కళ్లతో చూసినట్టే అవుతుంది. నిజానికి గుండె తనంతట తాను మళ్లీ కొట్టుకోవడం వల్ల రక్తం అందింది, తెలివి వచ్చింది. తాళాలు పెట్టకపోయినా అదే అర నిమిషంలో లేచేవాడు. ఈ రకం మూర్ఛను డబ్లిన్ వైద్యులు రాబర్ట్ ఆడమ్స్ 1827లో, విలియం స్టోక్స్ 1846లో గుండె నెమ్మదించడంతో ముడిపెట్టి వర్ణించారు. వాళ్లు పట్టించుకున్నది నాడిని. పడిపోయిన మనిషి మణికట్టు పట్టుకుని నాడి చూస్తే తెలిసిపోయే సంగతి, చేతిలో తాళాలు ఇరికించడంతో తెలియకుండా పోతుంది.

ఆ తర్వాత ‘గాలి సోకింది’ అనే మాట వస్తుంది. అమావాస్య నాడు చింతచెట్టు కింద పడిపోయాడంటే ఇక అనుమానమే ఉండదు. మంత్రగాడి దగ్గరికో, దర్గాలో తావీజుకో, స్వస్థత ప్రార్థనకో తీసుకుపోతారు. వాటి తర్వాత వారం, పది రోజులు మూర్ఛ రాకపోతే తగ్గిందంటారు. ఈ జబ్బు స్వభావమే అప్పుడప్పుడూ రావడం. మధ్యలో గడిచిన మంచి రోజులన్నీ ఎవరో ఒకరి లెక్కలో పడిపోతాయి. తర్వాతి మూర్ఛ ఏ బావి గట్టు మీదో, మోటారు సైకిలు మీదో వస్తే లేచే అవకాశం ఉండకపోవచ్చు. ఒక్క ఈసీజీ, అవసరమైతే ఒక రోజంతా గుండె లయను నమోదు చేసే హోల్టర్ పరీక్ష, ఇది గుండెజబ్బా కాదా అన్న సందేహాన్ని చాలావరకు తీరుస్తాయి.

రోగం తేలాక మరో ఆలస్యం ముహూర్తంతో వస్తుంది. ఆషాఢం పోనీ, మంగళవారం వద్దు, అష్టమి దాటనీ అంటారు. పూర్తి హార్ట్‌బ్లాక్ ఉన్నవారికి ఈ వాయిదా ప్రాణాంతకం కావచ్చు. ప్రమాదం మరీ దగ్గరగా ఉంటే వైద్యులు ముందు తాత్కాలిక పేస్‌మేకర్‌తో గుండెను నిలబెట్టి, ఆ తర్వాత శాశ్వత పరికరం పెడతారు. డబ్బు లేక ఆగిపోవడం వేరు, దాన్ని మూఢత్వం అనడం అన్యాయం. ఆ అడ్డంకిని 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ చాలావరకు తగ్గించింది, శాశ్వత పేస్‌మేకర్ అమర్చడం అందులో ఉంది. కర్నూలు మెడికల్ కాలేజీ 1957 నుంచి ఉంది, దాని సర్వజన ఆసుపత్రికి రాయలసీమ పల్లెల నుంచే కాక పక్క జిల్లాల నుంచీ రోగులు వస్తారు. పుట్టపర్తిలో 1991లో మొదలైన సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలోనూ గుండెకు చేసేది క్యాథ్‌ల్యాబ్‌లో, ఆపరేషన్ థియేటర్‌లో జరిగే వైద్యమే. దేవుడి పేరు మీద కట్టిన ఆసుపత్రి కూడా రోగిని వైద్యుడి చేతిలోనే పెట్టడం భక్తులు గమనించాల్సిన విషయం.

పరికరం పెట్టించుకుని ఇంటికి వచ్చాక మొదటి పరీక్ష గాయానికి. కుట్లు మానేదాకా గాయం తడవకూడదు, దానిపై ఏమీ రాయకూడదు. కానీ పసుపు మీద సీమలో ఉన్న నమ్మకం చిన్నది కాదు. కర్నూలు జిల్లా హొళగుంద మండలం దేవరగట్టులో విజయదశమి రాత్రి జరిగే బన్ని ఉత్సవపు కర్రల సమరంలో తలలు పగిలినవాళ్లు కూడా పసుపు అద్దుకుని సరిపెట్టుకుంటారు. అక్కడి దేవుడు మాళమల్లేశ్వరుడి బండారు (పసుపు) ఉండగా మందు ఎందుకని వాళ్ల నమ్మకం. పసుపులోని కర్క్యుమిన్‌కు సూక్ష్మజీవులపై కొంత ప్రభావం ఉన్నట్టు ప్రయోగశాలల్లో తేలిన మాట నిజమే. వంటింటి డబ్బాలోని పసుపు మాత్రం క్రిమిరహితం కాదు, అందులో దుమ్మూ, బూజు బీజాలూ ఉంటాయి. మామూలు గాయంలో చీము పడితే మందులతో తగ్గొచ్చు. పేస్‌మేకర్ ఉన్నచోట చీము పడితే మందులు చాలవు, డబ్బానూ తీగలనూ మొత్తంగా తీసేసి మళ్లీ పెట్టాల్సి వస్తుంది. ఎర్రబడటం, వాపు, జ్వరం, గాయం నుంచి తడి కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

పథ్యం సంగతి ఇంకో తీరు. పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ, గోంగూర, గుడ్డు గాయానికి చెరుపని ఇంటి పెద్దలు గట్టిగా చెబుతారు. గాయం మానడానికి శరీరానికి మాంసకృత్తులు కావాలి. సీమ ఇళ్లలో అవి చౌకగా దొరికేది కందిపప్పులో, ఉలవల్లో, వేరుశనగలో, గుడ్డులో. సరిగ్గా వాటినే ఆపి, నెలల తరబడి చారన్నం మీద ఉంచితే ముసలి శరీరం నీరసిస్తుంది. చీము పడేది బాక్టీరియా వల్ల, పప్పు వల్ల కాదు. ఉప్పు తగ్గించాలా, షుగరుకు ఏం చేయాలన్నది రోగిని బట్టి వైద్యుడు చెబుతాడు. రంజాన్ ఉపవాసం, కార్తీక సోమవారం ఉపవాసం పరికరాన్నేమీ చేయవు. కానీ మాత్రల వేళ తప్పినా, నీరు పోయే మాత్ర వేసుకుంటూ కర్నూలు ఎండల్లో పగలంతా నీళ్లు తాగకపోయినా ప్రమాదమే. వేళలు మార్చుకోవాలంటే ముందే వైద్యుణ్ని అడగాలి.

చేతి విషయంలో నిజమైన జాగ్రత్తే భయంగా మారుతుంది. తీగలు గుండె గోడకు కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పరికరం ఉన్న పక్క చేతిని భుజం కన్నా పైకి ఎత్తకూడదు, బరువు మోయకూడదు. ఇంట్లోవాళ్లు దాన్ని ‘చెయ్యి కదపొద్దు’ అని అర్థం చేసుకుని గుడ్డతో మెడకు కట్టేస్తారు. గడువు దాటాక కూడా విప్పరు. భుజం పట్టేస్తుంది. అన్నం కలుపుకోవడానికి, బట్టలు మడత పెట్టడానికి చేతిని మొదటి రోజుల నుంచే వాడుకోవచ్చు. గడువు ముగిశాక, వైద్యుడు సరేనన్నాక, చాలామంది పొలం పనికీ అంగడికీ తిరిగి వెళ్లగలరు. దేవరగట్టు కర్రలకు ఎదురెళ్లడం మాత్రం ఎప్పటికీ తగదు, ఛాతీపై గట్టి దెబ్బ తగిలితే తీగ తెగవచ్చు.

అయస్కాంతం, కరెంటు గురించిన భయాల్లో కొన్ని నిజం, కొన్ని ఉత్తవి. తేడా కొలతతో తెలుస్తుంది. ఉత్తరం దిక్కుకు తల పెట్టి పడుకుంటే భూమి అయస్కాంతం రక్తంలోని ఇనుమును లాగుతుందన్న పాత వాదానికి ఇప్పుడు పేస్‌మేకర్‌ను కూడా జోడించారు. మన ప్రాంతంలో భూ అయస్కాంత క్షేత్రం సుమారు 0.4 గాస్. పేస్‌మేకర్ పనితీరు మారాలంటే దాదాపు 10 గాస్ కావాలి, అంటే పాతిక రెట్లు. రక్తంలోని ఇనుము అయస్కాంతానికి అంటుకునే రకం కూడా కాదు. దిక్కు ఏదైనా ఒకటే. అదే ఇంట్లో కీళ్లనొప్పులకని కొన్న అయస్కాంతపు పట్టీ, గొలుసు, పరుపు మాత్రం ఆ హద్దు దాటగలవు. దిక్కుకు భయపడి మంచం తిప్పి, దాని మీద ఆ పరుపే వేసుకున్న మనిషి సురక్షితమైనదాన్ని వదిలి ప్రమాదాన్ని తెచ్చుకున్నట్టు.

సెల్‌ఫోన్ వాడొచ్చు, అయితే పరికరానికి 15 సెంటీమీటర్ల దూరం ఉంచాలి. మగవాళ్ల చొక్కా ఎడమ జేబు సరిగ్గా పరికరం దగ్గరే ఉంటుంది, ఫోను అక్కడ పెట్టుకోకూడదు. ఇండక్షన్ స్టవ్‌కు 60 సెంటీమీటర్ల దూరం పాటించాలి. మిక్సీ, ఫ్యాను, టీవీ మామూలుగా వాడుకోవచ్చు. బోరు మోటారు స్టార్టరు దగ్గర అసలు ప్రమాదం ఎర్తింగ్ లేకపోవడం: కారే కరెంటు శరీరంలోకి వస్తే పేస్‌మేకర్ దాన్ని గుండె సంకేతంగా పొరబడి ఊరుకోవచ్చు. ఆలయాల దగ్గర తనిఖీ ద్వారం గుండా మామూలు నడకతో దాటిపోవచ్చు, అక్కడ నిలబడకూడదు. చేతిలో పట్టుకునే డిటెక్టరును ఛాతీ మీద ఉంచకుండా పరికరం గుర్తింపు కార్డు చూపించాలి. మోకాళ్ల నొప్పులకు ‘కరెంటు పెట్టించుకునే’ వారు అంతకుముందే పరికరం సంగతి చెప్పాలి, షార్ట్‌వేవ్ డయాథర్మీ వీరికి నిషిద్ధం. ఈ జాగ్రత్తలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఉత్తుత్తి నిషేధాలు వందల్లో పెరిగితే ఈ కొన్నింటికి ఇంట్లో విలువ పోతుంది. మూఢనమ్మకాలను ప్రశ్నించే హేతువాదుల అసలు అభ్యంతరం ఇక్కడే.

తాయెత్తులోని రాగిరేకు పరికరాన్ని ఏమీ చేయదు. దాన్ని కట్టుకుని, ఆరు నెలలకో ఏడాదికో జరగాల్సిన చెకప్ మానేస్తే మాత్రం బ్యాటరీ ఎంత ఉందో, తీగ సరిగా ఉందో తెలియదు. గుండెజబ్బును తగ్గిస్తామని ప్రకటనలివ్వడం 1954 నాటి ఔషధాలు, మాంత్రిక చికిత్సల (అభ్యంతరకర ప్రకటనల) చట్టం కింద నేరం. తాయెత్తు, మంత్రం, కవచం అన్నవి ఆ చట్టం నిర్వచనంలోనే ఉన్నాయి.

‘మిషన్ కొట్టుకుంటూనే ఉంటుంది, ప్రాణం పోదు’ అన్న భయం వృద్ధులను చాలా బాధపెడుతుంది. ఇది నిజం కాదు. అవసాన దశలో గుండె కండరానికి ఆక్సిజన్ అందక, పరికరం ప్రేరణ ఇస్తున్నా కండరం స్పందించదు. మరణం తర్వాత కూడా ఈసీజీ తెరపై పరికరం గీతలు కనిపించవచ్చు, వాటిని చూసి మనిషి బతికే ఉన్నాడని, వైద్యులు దాస్తున్నారని బంధువులు అపోహ పడకూడదు. ప్రమాదకరమైన లయను షాక్‌తో సరిచేసే ఐసీడీ వేరు. 1980లో మొదటిసారి మనిషికి అమర్చిన ఈ పరికరం చివరి ఘడియల్లోనూ షాకులు ఇవ్వగలదు. రోగి, కుటుంబం కోరితే కోత లేకుండానే బయటి నుంచి షాకును ఆపించవచ్చు. షాక్ వచ్చేటప్పుడు రోగిని తాకిన మనిషికి కొద్దిగా జివ్వుమనవచ్చు తప్ప ప్రమాదం లేదు. భార్యాభర్తలు దూరంగా పడుకోవాల్సిన పని లేదు.

దహనం చేసే కుటుంబాల్లో చివరి చిక్కు శ్మశానంలో వస్తుంది. మంటల్లో లిథియం బ్యాటరీ పేలుతుంది. విద్యుత్ దహనవాటికను దెబ్బతీస్తుంది, కట్టెల చితి దగ్గర నిలబడ్డ కొడుకులకు గాయం చేయగలదు. అందుకే ముందుగా తీసేయాలి. శవాన్ని కోస్తే మరుజన్మలో అవయవలోపం వస్తుందని కొందరు ఒప్పుకోరు. పేస్‌మేకర్ పుట్టుకతో వచ్చిన అవయవం కాదు, ఆ నమ్మకాన్ని పాటించేవారి లెక్కలో కూడా అది శరీరానికి బయటి వస్తువే. ఖననం చేసే ముస్లిం, క్రైస్తవ, వీరశైవ కుటుంబాల్లో తీయాల్సిన అవసరం రాదు. తీసే పని ఆసుపత్రిలో చిన్న కోతతో కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఐసీడీ అయితే ముందు దాన్ని ఆపించిన తర్వాతే తీయాలి, లేకుంటే తీస్తున్నవారికి షాక్ కొడుతుంది. ఇంట్లో మరణం జరిగితే పల్లెలోని ఆర్‌ఎంపీ చేత కోయించకుండా, పరికరం కార్డు పట్టుకుని దగ్గరి ఆసుపత్రిని సంప్రదించాలి.