నూనె చుక్క చెప్పిన లెక్క

భోజనాల వేళ చారు గిన్నెలోకి ఒక్క నిమిషం పరికించి చూడండి. పోపు నూనె చిన్న చిన్న బిళ్లలుగా తేలుతూ ఉంటుంది. గరిటె కొనతో రెండింటిని దగ్గరకు చేర్చితే, తాకిన మరుక్షణమే అవి ఒకటైపోతాయి. రెండు చిన్న బొట్లకంటే వాటి కలయికతో ఏర్పడిన పెద్ద బొట్టుకు ఉపరితలం తక్కువ. ద్రవాలు కోరేది ఆ పొదుపునే.

అదే నూనెను నిర్మలమైన నీటిపై ఒక్క చుక్క వేస్తే మాత్రం రెప్పపాటులో పరచుకుపోతుంది. 18వ శతాబ్దంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ లండన్ సమీపాన క్లాఫమ్ చెరువులో చెంచాడు నూనె పోశాడు. గాలికి రేగుతున్న అలలు అణగి, సుమారు అర ఎకరం మేర నీరు అద్దంలా నిలిచింది. ఆ వృత్తాంతాన్ని ఆయన 1774లో ప్రకటించాడు. చెంచాడు నూనెను అర ఎకరానికి పంచితే మందమెంత? మిల్లీమీటరులో దాదాపు నాలుగు లక్షలవ వంతు. అంటే, ఇంచుమించు ఒక్క అణువు ఎత్తు! ఫ్రాంక్లిన్ ఆ భాగహారం చేయలేదు.

చారుపై అటువంటి కంటికి కనిపించని పొర ముందే కమ్ముకుని ఉంటుంది. చోటు లేక మిగిలిన నూనె బిళ్లలు కడుతుంది.

ఈ పొరను కొలిచే ఉపాయం పుట్టింది ఒక వంటింట్లో. జర్మనీలోని బ్రన్స్‌విక్‌లో ఆగ్నెస్ పోకెల్స్ అనే యువతి ఉండేది. అక్కడి విశ్వవిద్యాలయాలలో స్త్రీలకు ప్రవేశం లేని రోజులవి. అనారోగ్యంతో ఉన్న తల్లిదండ్రుల సేవ, ఇంటిపని ఆమె వంతు. సుమారు 18వ ఏట ఆమె అంట్లు కడిగే నీటి జిడ్డును గమనించసాగింది. రేకు తొట్టిలో నీరు నింపి, అడ్డంగా మరో రేకు ముక్కను జరుపుతూ జిడ్డుపొరను చెదరగొట్టకుండా కుదించింది. నీటి తలాన్ని అంటుకున్న చిన్న బిళ్లను పైకి లాగడానికి ఎంత బలం కావాలో తూచింది.

సుమారు పదేళ్లు ఆ ఫలితాలు ఇంట్లోనే ఉండిపోయాయి. అదే విషయంపై లార్డ్ రేలీ పరిశోధిస్తున్నాడని తెలిసి, 1891 జనవరిలో ఆమె ఆయనకు జర్మన్ భాషలో ఉత్తరం రాసింది. ఆయన దాని ఇంగ్లీషు అనువాదాన్ని తన సిఫారసుతో ‘నేచర్’ పత్రికకు పంపాడు. మార్చిలో అది అచ్చయింది. ఆ తొట్టి పద్ధతినే మెరుగుపరచి పరిశోధించిన ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్‌కు 1932లో ఉపరితల రసాయన శాస్త్రంలో చేసిన కృషికి నోబెల్ బహుమతి వచ్చింది. అదే ఏడు, డెబ్బయ్యో పడిలో అడుగిడుతున్న ఆగ్నెస్‌కు బ్రన్స్‌విక్ సాంకేతిక విద్యాలయం గౌరవ డాక్టరేటునిచ్చింది.

అనువాదమే వృత్తిగా గల నాకు ఆ ఉత్తరం తరచు గుర్తుకు వస్తుంది. అడిగిన అరగంటలో ఎవరో దాన్ని తమ భాషలోకి మార్చి ఉంటారు. ఆ కాస్త శ్రమా పడకపోతే, ఒక స్త్రీ పదేళ్ల పని తొట్టి నీళ్లతోపాటు పారబోసినట్లే అయ్యేది.