నీటి లెక్క వేసే ముందు రైతునడగండి

నీళ్లు ఎప్పుడు వదలాలో, ఏ పంట వేయాలో ఇక కంప్యూటరే చెబుతుందని ఆఫీసర్లు అంటున్నారు. మేం కంప్యూటర్‌కు వ్యతిరేకులం కాము. అయితే ముప్పయ్యేళ్ల కిందటే కంప్యూటర్ ఒక మాట చెప్పింది. ముందు దాన్ని వినమంటున్నాం.

ఇండోనేషియాలోని బాలి దీవిలో ఒక కాలువ కింద సాగు చేసే రైతుల సంఘాన్ని సుబాక్ అంటారు. కొన్ని సుబాక్‌లు కలిసి ఒక నీటి గుడి దగ్గర కూర్చుని నాట్లు ఎప్పుడు వేయాలో, పొలాలు ఎప్పుడు ఖాళీగా వదలాలో తేల్చుకుంటాయి. వందల ఏళ్ల కట్టుబాటు అది. 1970లలో హరిత విప్లవం పేరుతో ఆ వంతులు పక్కన పెట్టించి, వీలైనన్ని పంటలు తీయమన్నారు. ఎవరికి వారే నాట్లు వేశారు. ఒకవైపు నీటి కొరత, మరోవైపు దోమపోటు. ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట వరి పచ్చగా ఉంటే పురుగు పస్తుంటుందా?

స్టీఫెన్ లాన్సింగ్, జేమ్స్ క్రెమర్ అనే ఇద్దరు పరిశోధకులు రెండు నదుల కింది 172 సుబాక్‌లను కంప్యూటర్‌లో నమూనాగా కట్టారు. వాన, నది నీరు, పురుగు, దిగుబడి అన్నీ లెక్కలో పెట్టి 1993లో ఫలితాలు ప్రచురించారు. ఎవరికి వారు నాటితే పురుగు పెరిగింది. అందరూ ఒకేసారి నాటితే నీళ్లు చాలలేదు. నీటి గుళ్ల వంతుల ప్రకారం నాటితేనే దిగుబడి బాగుంది. ఏటా ఇరుగుపొరుగులో బాగా పండించినవారిని చూసి నడుచుకోమని ఒక్కో సుబాక్‌కు చెబితే, పైనుంచి ఎవరి ఆజ్ఞా లేకుండానే కొన్నేళ్లలో గుళ్ల వంతుల్లాంటి ఏర్పాటే తయారైంది.

ఎగువ రైతు నీళ్లెందుకు వదులుతాడు? ధర్మానికి కాదు. దిగువన నీళ్లందక నాట్లు వెనకబడితే, అక్కడ పెరిగిన పురుగు తన మడికే వస్తుంది. ఈ లెక్క రైతులకు తెలుసు, పథకం రాసినవాళ్లకు తెలియలేదు.

మనకూ గొలుసుకట్టు చెరువులున్నాయి, నీరటికాళ్లుండేవారు. అప్పుడంతా న్యాయమే జరిగిందని మేం అనం. బలిసినవాడు రాత్రిపూట తూమెత్తిన ఊళ్లు మనకు తెలుసు. అందుకే 1997లో చట్టం తెచ్చి నీటి వినియోగదారుల సంఘాలు పెడితే ఆశపడ్డాం. పెత్తనం కాగితం మీద వచ్చింది గానీ, లాకు తాళం మన చేతికి రాలేదు.

రేపటి కంప్యూటర్ లెక్కలో ఎవరుంటారు? పట్టాదారు పేరే ఉండి, నారు పోసి నష్టపోయే కౌలు రైతు లేకపోతే ఆ లెక్క తప్పు. కాలువ చివరి భూములకు నీళ్లు అందినట్టు రాసుకుంటే ఇంకా తప్పు.

మేం అడిగేవి మూడే. లెక్క కట్టేటప్పుడు ఎగువ, దిగువ రైతులతో పాటు కౌలుదార్లనూ కూర్చోబెట్టండి. ఏ అంకెలు పెట్టారో తెలుగులో గ్రామసభ ముందుంచండి. చివరి మాట నీటి సంఘానికి వదలండి.

కంప్యూటర్‌కు ఎండిన మడి లేదు, తీర్చాల్సిన అప్పు లేదు. నష్టపోయేది మనమైనప్పుడు నిర్ణయమూ మనదే కావాలి.