సమస్య ఎంపికలోనే సగం పరిష్కారం

పాఠశాలలోని సమస్యలను గురించి మాట్లాడేవారు అనేకులు. వాటిలో ఒకదానిని చేపట్టి, కారణాన్ని వెదకి, పరిష్కారాన్ని పరీక్షించి చూసేవారు కొందరే. ఉపాధ్యాయుడు తన తరగతిలోని ఇబ్బందిని తానే శాస్త్రీయంగా పరిశీలించి, దానిని తొలగించడానికి చేసే ప్రయత్నాన్ని క్రియాత్మక పరిశోధన అంటారు.

ఈ పద్ధతిని 1946లో అమెరికాలో కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వివరించాడు. 1953లో స్టీఫెన్ కోరే తన గ్రంథం ద్వారా దానిని పాఠశాలలకు అన్వయించాడు. మన దేశంలో 1986 నాటి జాతీయ విద్యావిధానాన్ని అనుసరించి ఏర్పడిన జిల్లా విద్యాశిక్షణ సంస్థలు దీనిని తమ విధులలో ఒకటిగా స్వీకరించాయి. కృష్ణాజిల్లా అంగలూరులోని సంస్థ అటువంటిదే.

అయితే పరిశోధన ఫలించడం, ఫలించకపోవడం మొదట అంశం ఎంపికపైనే ఆధారపడి ఉంటుంది. ‘గ్రామీణ విద్యలోని లోపాలు’ వంటి విస్తారమైన అంశాన్ని ఎన్నుకొంటే, అది కొండను తవ్వి ఎలుకను పట్టినట్లే అవుతుంది. అంశాన్ని మూడు ప్రశ్నలతో పరీక్షించాలి. ఆ సమస్య మన తరగతిలో నిజంగా ఉన్నదా? దానిని కొంతైనా సరిదిద్దే శక్తి మన చేతిలో ఉన్నదా? వచ్చిన మార్పును కొలిచి చూపగలమా?

డెల్టా రైతుకు ఈ వివేకం కొత్తది కాదు. శివారు పొలానికి నీరందనప్పుడు అతడు కృష్ణానదిని నిందిస్తూ కూర్చోడు. కాలువ గట్టు వెంట నడుస్తాడు. పూడిక ఎక్కడ ఉన్నదో, గుర్రపుడెక్క ఎక్కడ అడ్డుపడిందో చూస్తాడు. తరగతిలో చివరి వరుస పిల్లలు కూడా శివారు పొలాల వంటివారే. చదువు వారిని చేరకపోతే, అది ఎక్కడ ఆగిపోయిందో వెదకాలి.

దివిసీమలోని ఒక పాఠశాలను ఊహించండి. వరినాట్ల రోజులలో కొందరు పిల్లలు బడికి రారు. ఉపాధ్యాయుడు ‘పిల్లలలో చదువుపట్ల అనాసక్తి’ అని అంశానికి పేరు పెడితే, నేరం అప్పుడే పిల్లలపై పడింది. హాజరుపట్టీ తిరగవేసి, ఇళ్లకు వెళ్లి విచారిస్తే, తల్లి పొలానికి వెళ్లగా చంటివాణ్ణి చూసుకోవడానికి అక్క ఇంట ఉండిపోయిందని తెలియవచ్చు. అప్పుడు అంశం మారుతుంది: ‘నాట్ల రోజులలో కోల్పోయిన పాఠాలను ఆ పిల్లలకు తిరిగి నేర్పడం ఎలా?’ మొదటి పేరు పిల్లను దోషిగా నిలబెట్టింది. రెండవది ఆమెకు దారి చూపింది. అంశానికి పెట్టే పేరులో ఒక బిడ్డ భవిష్యత్తు ఇమిడి ఉంటుందని మరువరాదు.

నగరంలోనూ ఇంతే. 2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు వరద విజయవాడలోని సింగ్‌నగర్ పరిసరాలను ముంచెత్తింది. వరదను ఆపడం ఉపాధ్యాయుని వశం కాదు. పుస్తకాలు తడిసి, బెదిరిన మనసుతో తిరిగివచ్చిన పిల్లవానికి చదువుపై మళ్లీ కుదురు కలిగించడం మాత్రం అతని వశమే.

చిన్న అంశాలతో పేదరికం తీరుతుందా అని కొందరు ఆక్షేపిస్తారు. తీరదు. 6 నుండి 14 ఏండ్ల పిల్లలకు విద్యను హక్కుగా గుర్తించిన 2009 నాటి చట్టాన్ని అమలుపరచవలసిన బాధ్యత ప్రభుత్వానిది, సమాజానిది. ఉపాధ్యాయుని పరిశోధన ఆ బాధ్యతకు ప్రత్యామ్నాయం కారాదు. కాని ఎవరు, ఎన్ని రోజులు, ఏ కారణంగా బడికి దూరమైనారో వ్రాసిపెట్టిన పట్టిక ఉంటే, పెద్దలను అడిగే మాటకు బలం చేకూరుతుంది.

విద్యార్థులారా! మీలో కొందరు రేపటి ఉపాధ్యాయులు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు మన పెద్దలు. ధ్రువపత్రం కోసం పాత నివేదికను చూచి వ్రాసిన పరిశోధన బీరువాలో మిగిలిపోతుంది. ఒక బిడ్డ ఇబ్బందిని చూచి మొదలుపెట్టినది, ఎంత చిన్నదైనా, ఆ బిడ్డను మళ్లీ బడిలో కూర్చోబెడుతుంది.