లావు – బలము

తెలుగు కావ్యములలో ‘లావు’ అను మాటకు బలమని అర్థము. లావు గలవాడనిన బలశాలి యని పూర్వులు గ్రహించెడివారు. కాలక్రమమున ఆ యర్థము మారినది. నేడు లావనిన దేహము స్థూలముగా నుండుటయే. మాటకు అర్థము మారినను మనుష్యుల తలంపు మాత్రము పూర్తిగా మారలేదు. బిడ్డ బొద్దుగా నున్నచో ఆ యింట తిండికి లోటు లేదని మెచ్చుకొందురు. ఇల్లాలు కొంచెము ఒళ్లు చేసినచో కాపురము చల్లగా నున్నదని సంతోషింతురు. ఆ యిల్లాలే మఱికొంత బరువు పెరిగినచో తిని కూర్చున్నదని పరిహసింతురు. ఆ మెప్పును, ఈ పరిహాసమును రెండును పొరపాటే. లావు బలమునకు గుర్తు కాదు. సమృద్ధికి గుర్తు కాదు. తిండిపోతుతనమునకును అన్నిచోట్ల గుర్తు కాదు. పేదయింట అది తఱచుగా ఒక లోటునకు గుర్తు.

ఈ మాట వింతగా వినబడును. కూటికి కరవైన యింటివారు బక్కచిక్కవలెను గాని లావగుట యెట్లని ఎవరైన అడుగవచ్చును. 2019-21 నడుమ జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలను చూచినచో ఆ వింత కొంత తగ్గును. కిలోగ్రాములలో నున్న బరువును, మీటర్లలో నున్న ఎత్తు యొక్క వర్గముచే భాగింపగా వచ్చు సంఖ్య 25 గాని, అంతకు మించి గాని యున్నచో దానిని అధిక బరువుగా ఆ సర్వే లెక్కించినది. 15 ఏండ్లు మొదలు 49 ఏండ్ల వఱకు గల స్త్రీలలో దేశమంతటను నూటికి 24 మంది అట్టివారు. ఆంధ్రప్రదేశములో వారు నూటికి 36 మంది. తెలంగాణములో 30 మంది. ఆ వయస్సు స్త్రీలలోనే రక్తహీనత గలవారు దేశమున నూటికి 57 మంది. రెండు తెలుగు రాష్ట్రములలోను అంతకు కొంచెము హెచ్చు. అధిక బరువు ఇప్పటికిని పల్లెల కంటె పట్టణములలోను, బీదల కంటె కలవారిలోను ఎక్కువగానే యున్నది. అయినను అది కలవారి గడప దాటి కూలివారి యిండ్లలోనికిని వచ్చినది. ఒకే యింట తల్లి బరువెక్కి యుండును. బిడ్డ ఎదుగక గిడసబారి యుండును. ఒక్కొక్కచో ఒకే దేహమున కొవ్వును, రక్తహీనతయు కలిసి కాపురముండును.

ఆకలి రెండు విధములు. కడుపునకు కలుగు ఆకలి యొకటి. దేహమునకు కలుగు ఆకలి మఱియొకటి. మొదటిది మంటవలె తెలియును. అన్నము పడగనే చల్లారును. రెండవది కేక వేయదు. మాంసకృత్తులు, ఇనుము, విటమినులు చాలనప్పుడు దేహము లోలోపల క్షీణించుచుండును గాని కడుపు నిండియే యుండును. మొదటి ఆకలిని తీర్చుటకు ప్రభుత్వములు గొప్ప ప్రయత్నము చేసినవి. 1983లో నాటి ఆంధ్రప్రదేశమున కిలో రెండు రూపాయల బియ్యపు పథకము వచ్చినది. 2013లో వచ్చిన జాతీయ ఆహార భద్రతా చట్టము అర్హతగల కుటుంబములలో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యమును హక్కుగా నిచ్చినది. ఈ మేలును తక్కువ చేసి మాటలాడువాడు ఆకలి నెఱుగనివాడు. అయితే బియ్యము మొదటి ఆకలిని తీర్చగలదు గాని, ఒక్కటిగా రెండవదానిని తీర్చజాలదు.

ఈ పాఠము తెలుగునేలకు క్రొత్తది కాదు. పూర్వము ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి వ్యాధి ప్రబలి యుండెడిది. బియ్యమును తెల్లగా మరపట్టునప్పుడు తవుడుతో పాటు థయమిన్ అను విటమిను పోవును. అట్టి అన్నమే ముఖ్యాహారమై, తక్కిన పదార్థములు తోడు లేనిచోట ఆ వ్యాధి కలుగును. కడుపు నిండినవాడే కాళ్ల సత్తువ పోయి కూలబడెడివాడు. 1918లో నీలగిరులయందలి కూనూరులో రాబర్ట్ మెకారిసన్ అను వైద్యుడు ఒక చిన్న గదిలో బెరిబెరి వ్యాధిపై పరిశోధన ప్రారంభించెను. ఆ చిన్న పరిశోధనశాలయే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదునకు తరలి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ యను పేరు వహించినది.

ఆ సంస్థ 2024లో భారతీయులకు ఆహార సూత్రములను ప్రకటించినది. దినమునకు 2000 కాలరీలు కావలసిన మనిషికి ధాన్యములు 250 గ్రాములు, పప్పుదినుసులు 85 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు ఉండవలెనని అందు చెప్పబడినది. ధాన్యము కంటె కూరగాయల తూకమే హెచ్చుగా నున్నది. పేదయింటి పళ్లెమున ఈ లెక్క తలక్రిందులగును. అన్నము కుప్పగా నుండును. పప్పు నీళ్లవలె నుండును. కూర అంచున నంజుకొనుటకు మాత్రమే యుండును. ఆ కొంచెము పప్పును, కూరను పనికి పోవు మగవారికిని, బడికి పోవు బిడ్డలకును వడ్డించి, ఇల్లాలు కడపట కూర్చుండి పచ్చడితోనో, మజ్జిగతోనో అన్నము తినును. ఆమె తిన్న అన్నము తక్కువ కాదు. అన్నముతో తిన్నది తక్కువ.

వెనుకటి దినములలో ఈ అన్నమంతయు ఒంటి కష్టములో ఖర్చగుచుండెడిది. నీళ్లు తోడుట, దంచుట, విసరుట, మైళ్లకొలది నడచుట ఇల్లాలి నిత్యకృత్యములు. ఆ చాకిరి తగ్గుట మంచిదే. అయితే తగ్గిన చాకిరికి బదులు వచ్చిన పనులలో పెక్కు కూర్చుండి చేయునవి. తెలంగాణపు పల్లెలలో బీడీలు చుట్టు స్త్రీలు చేటను ఒడిలో పెట్టుకొని ప్రొద్దుననుండి సాయంకాలము వఱకు ఒకేచోట కూర్చుందురు. కుట్టుపని చేయువారి స్థితియు నిట్టిదే. వారికి శ్రమ లేదనరాదు. కన్నులకును, నడుమునకును కావలసినంత శ్రమ కలదు. దేహమునకు నడక మాత్రము లేదు. దీనికి తోడు వీథి మలుపునందలి అంగడిలో ఐదు రూపాయలకు వేయింపు పొట్లము దొరకును. అరటిపండు వాడిపోవును, పొట్లము వాడిపోదు. పనికి పోవు తల్లి ఏడ్చు బిడ్డ చేతిలో దేనిని పెట్టునో చెప్పనక్కఱలేదు.

ఇంతకంటె లోతైన కారణము మఱియొకటి కలదు. అది తల్లి గర్భమునందే ఆరంభమగును. పూనా సమీపమున ఆరు పల్లెలలో డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్, ఆయన తోటివారు 1993 నుండి గర్భిణీ స్త్రీలను పరిశీలించిరి. అచ్చటి శిశువులు పుట్టినప్పుడు సగటున 2.7 కిలోల బరువుండగా, ఇంగ్లండులోని సౌత్‌హాంప్టన్ శిశువులు 3.5 కిలోలుండిరి. మన శిశువులలో కండ మిక్కిలి తక్కువ. కొవ్వు మాత్రము అంతగా తగ్గలేదు. అనగా సన్నగా పుట్టిన శిశువు సయితము కొవ్వును దాచుకొనియే పుట్టుచున్నది. గర్భమున కరవు చూచిన దేహము దొరికినదానిని దాచుకొనుటకు అలవాటుపడును. పెద్దయైన పిమ్మట అన్నము సమృద్ధిగా దొరకి, పని తగ్గినచో, ఆ దాచుకొను గుణమే మధుమేహమునకును, గుండెజబ్బునకును దారితీయవచ్చునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. తల్లి యాకలి బిడ్డ నడివయస్సులో రోగమై బయటపడును.

దీనికి ప్రతిక్రియ కలదా యను ప్రశ్నకు హైదరాబాదు పరిసర గ్రామములే కొంత జవాబు చెప్పినవి. 1987-90 నడుమ జాతీయ పోషకాహార సంస్థవారు 29 గ్రామములను ఎన్నుకొనిరి. వానిలో 15 గ్రామములందు గర్భిణులకును, ఆరేండ్లలోపు పిల్లలకును అంగన్‌వాడీ ద్వారా మొక్కజొన్న, సోయా పిండితో వండిన ఉప్మా దినదినము పెట్టబడినది. తక్కిన 14 గ్రామములకు ఆ పథకము అప్పటికి రాలేదు. ఏండ్లు గడచినవి. 2003-05 నడుమ, నాడు పుట్టిన పిల్లలు 13 మొదలు 18 ఏండ్ల వయస్సున నుండగా, 1100 మందికి పైగా మరల పరీక్షింపబడిరి. ఉప్మా తిన్న గ్రామముల పిల్లలు 14 మిల్లీమీటర్లు ఎత్తు హెచ్చుగా నుండిరి. వారి ఒంటి కొవ్వు మాత్రము తక్కినవారి కంటె హెచ్చు కాలేదు. వారి దేహము ఇన్సులినును చక్కగా వినియోగించుకొనుచుండెను. ధమనులు అంతగా బిరుసెక్కలేదు. ఈ ఫలితములు 2008లో ప్రకటింపబడినవి. ఒక్క పరిశోధనతో అంతయు తేలినదనరాదు. కాని తల్లికి పెట్టిన పిడికెడు తిండి బిడ్డ ధమనులలో పదునైదేండ్ల తరువాత కనబడుట చిన్న విషయము కాదు.

‘ఎవరి తిండికి వారే బాధ్యులు, నోరు కట్టుకొన్నచో లావు తగ్గును’ అని కొందరందురు. కలిగిన యింట ఈ మాట కొంత నిజము. ఎంచుకొనుటకు నాలుగు పదార్థములున్నవాడు ఒకదానిని మానవచ్చును. ఎంచుకొనుటకు ఏమియు లేనివాడు దేనిని మానును? పేదయిల్లాలు పుట్టినది మొదలు నోరు కట్టుకొనియే యున్నది. పాలు బిడ్డకు వదలినది; గ్రుడ్డు కొడుకునకు వదలినది; కూర మగనికి వదలినది. ఆమెకు మిగిలినది అన్నము. ఆమెను చూచి తిండిపోతని నవ్వుట అన్యాయము. ఆ నవ్వునకు వెఱచి వైద్యుని కడకు పోవుటకే సిగ్గుపడువారు కలరు.

మఱికొందరు ఖర్చును ఎత్తి చూపుదురు. పప్పును, గ్రుడ్డును, పాలను అందఱికిని అందింప ఎవరి తరమని వారి ప్రశ్న. ఖర్చు నిజమే. కాని మధుమేహము వచ్చినవాడు జీవితాంతము మందు కొనవలెను. మూత్రపిండములు చెడినచో ఇల్లే అమ్ముకొనవలెను. ఆ ఖర్చు కొంత ప్రభుత్వమును, కొంత కుటుంబమును మోయకతప్పదు. ముందు పెట్టెడి పప్పునకు వెనుదీసి, వెనుక పెట్టెడి మందునకు అప్పు చేయుట లెక్క తెలిసినవారి పని కాదు.

కావున చౌకదుకాణములో బియ్యముతో పాటు కందిపప్పు, చిరుధాన్యములు ఏడాది పొడవునను దొరకవలెను. తల్లుల కొఱకు అంగన్‌వాడీలో పెట్టు భోజనము ఆలస్యము లేక, కొఱత లేక అందవలెను. 1975లో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకమునకు ప్రాణము ఆ భోజనమే. బడి ఆవరణలోను, దాని చుట్టును 50 మీటర్లలోను కొవ్వు, చక్కెర, ఉప్పు మిక్కుటమైన తినుబండములు అమ్మరాదని 2020లో నియమములు వచ్చినవి. నియమము కాగితముపై నుండిన చాలదు. బడి గేటు కడ కనబడవలెను. ఇండ్లలోను చేయదగినది కొంత కలదు. మునగాకు, తోటకూర పెరటిలో పెంచుకొనవచ్చును. ఉలవలు, వేరుసెనగలు తెలుగువారికి క్రొత్తవి కావు. అన్నిటికంటె ముఖ్యము ఇల్లాలు కడపట తిను ఆచారము పోవుట. అందఱును ఒక్కసారి కూర్చుండినచో, ఉన్న పప్పు అందఱి పళ్లెములలోను సమానముగా పడును.

హైదరాబాదు పల్లెలలో పరీక్షింపబడిన పిల్లలు ఎనిమిదవ తరగతి విద్యార్థుల యీడువారు మొదలు ఉండిరి. వారి ఆరోగ్యమును కొంతవఱకు నిర్ణయించినది వారి తల్లులు ఏండ్ల క్రిందట తిన్న తిండి. నేటి విద్యార్థులు రేపటి తల్లిదండ్రులు. తోటి విద్యార్థి బొద్దుగా నున్నాడని పేరు పెట్టి పిలుచుటకు ముందు, అతని యింటి పళ్లెమున ఏమి యున్నదో, ఏమి లేదో యోచింపవలెను. ఇంటికి పోయిన పిమ్మట తల్లి పళ్లెము వంక ఒకసారి చూడవలెను. అందు అన్నము తప్ప వేఱొకటి లేనిచో, తమ పళ్లెములోని పప్పును, కూరను ఆమెతో పంచుకొనవలెను. అంతటితో దేశపు లోటు తీరదు; కాని లోటు ఎక్కడ నున్నదో తెలిసినవారి సంఖ్య ఒకటి పెరుగును.