నా చేను నా ఇష్టమా?

మా చేలో తెల్లగా ఉప్పు పొక్కిన ఏడు ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. దాళ్వా ఊడ్పులై నెల కాలేదు. పచ్చగా తిరగాల్సిన చేను తూర్పుగట్టు పొడవునా మూడు నాలుగు బారల మేర ఎర్రబారిపోయింది. ఆకు చివర్లు మాడిపోయి, దుబ్బులు పిలక వెయ్యకుండా అలాగే నిలబడిపోయాయి. మా నాన్న గట్టు దిగి, చిటికెడు మట్టి తీసి నాలిక మీద వేసుకుని, ఉమ్మేసి, పక్క చేనుకేసి చూశారు. అది అప్పటికి చేను కాదు. ముందు వేసవిలో పొక్లెయిన్ దిగి దాన్ని రొయ్యల చెరువు చేసేసింది.

ఆ సాయంత్రం నాన్న చెరువు ఆసామి ఇంటికి వెళ్ళారు. వరసకు నాన్నకు బావ. కుర్చీ వేశారు, కాఫీ ఇచ్చారు. ఉప్పునీటి ఊట సంగతి నాన్న చెబితే ఆయన మర్యాదగానే జవాబిచ్చాడు. "నా చేను నా ఇష్టం కదా బావా. నీకు ఇబ్బందైతే నువ్వూ తవ్వించుకో."

గోదావరి డెల్టాలో నేను విన్నవాటిలో ఇంతకన్నా ప్రమాదకరమైన మాట లేదు. మొదటి సగం అబద్ధం. రెండో సగం బెదిరింపు. ఈ రెంటినీ హక్కులా, తెలివిలా, అభివృద్ధిలా చలామణీ చేస్తున్నాం. ఆ చలామణీని ఆపాలనే ఇది రాస్తున్నాను.

డెల్టాలో ఒంటరి చేను ఎక్కడుంది? నందన కరువులో, అంటే 1832-33లో, ఈ గడ్డమీద జనం పిట్టల్లా రాలిపోయారు. 1839లో కోరంగిని ఉప్పెన ఊడ్చుకుపోయింది. గోదావరి మాత్రం పక్కనే నిండుగా పారి సముద్రంలో కలిసిపోతూ ఉండేది. ఏ రైతుకా రైతు కడవతో తోడుకుంటే తీరే దాహం కాదది. 1847లో కాటన్ దొర పని మొదలుపెట్టి, వీణెం వీరన్న లాంటివాళ్ళ తోడుతో, వేలమంది కూలీల చేతులమీదుగా 1852కి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పాయలకు అడ్డంగా ఆనకట్ట నిలబెడితేగానీ ఈ నేల అన్నపూర్ణ కాలేదు. ఇవాళ దాని స్థానంలో 175 గేట్ల బ్యారేజీ ఉంది. దాని కింద పది లక్షల ఎకరాలు పారుతున్నాయి. అందులో నీదీ నాదీ రెండెకరాలో, అయిదెకరాలో. ఆ రెండెకరాలకు ఎకరం ఇంత ధర పలుకుతోందంటే దాన్ని అంతటిదాన్ని చేసింది మన తాతలు ఒక్కొక్కళ్ళూ కాదు. అందరి కాలవ చేసింది. ఏరు దాటాక తెప్ప తగలెయ్యడమంటే, ఆ కాలవ నీళ్ళతో విలువ పెంచుకున్న చేను చూపించి "ఇది నా ఒక్కడిదీ" అనడమే.

నీళ్ళు ఎలా వస్తాయో, ఎలా పోతాయో ఒక్కసారి గట్టుమీద నిలబడి చూడండి. పెద్దకాలవ నుంచి పిల్లకాలవకు, పిల్లకాలవ తూములోంచి బోదెకు, బోదె నుంచి మొదటి చేలోకి, ఆ చేను గండిలోంచి కిందిచేలోకి, అక్కణ్ణించి దాని కిందిదానికి. ఎక్కువైన నీళ్ళు మురుగుబోదెలోకి, అక్కణ్ణించి డ్రెయినుకు, డ్రెయిను నుంచి సముద్రానికి. అదీ ఎప్పుడు పడితే అప్పుడు కాదు. నేల అరచేయంత చదును. తీరం దగ్గర సముద్రం పోటు మీదుంటే మురుగు వెనక్కి తంతుంది, పాటు మీదుంటేనే దిగుతుంది. అంత సున్నితమైన లెక్క ఇది. ఆ వరసలో మధ్యన ఒక్కడు చేనుకి నాలుగు పక్కలా ఎత్తుగట్టు పోస్తే పైవాడి మురుగు ఆగిపోతుంది, కిందవాడికి పారకం ఆగిపోతుంది. ఆ గట్టులోపల ఉప్పునీరు నిలిపితే ఊట పక్కచేనుకు దిగుతుంది. నారు దశలోనూ ఈనిక దశలోనూ వరి ఉప్పును అసలు ఓర్చుకోలేదు. ఒక్క చెరువుకు సంతకం పెట్టినవాడు ఒక్కడే. ఆ ఉప్పు మట్టిని నాలిక మీద వేసుకుని ఉమ్మేసేవాళ్ళు పదిమంది.

అందుకే "నువ్వూ తవ్వించుకో" అనే మాటను బెదిరింపు అన్నాను. అది సలహాలా వినిపిస్తుంది. మా నాన్నకు మిగిలిన దారి మాత్రం అదొక్కటే. రెండు దాళ్వాలు నష్టపోయాక మూడో ఏడు మా చేనూ చెరువుకు లీజు వెళ్ళిపోయింది. మా కిందిచేను రైతు ఇంకో రెండేళ్ళు తన్నుకులాడి ఆయనా ఇచ్చేశాడు. అయిదేళ్ళలో ఆ బోదె కింద వరి అన్నది లేదు. ఒకడు తన ఇష్టం తను చెల్లించుకున్నాడు. మిగతా అందరికీ ఇష్టమనేదే లేకుండా పోయింది. ఇది స్వేచ్ఛ అంటే నేను ఒప్పుకోను.

ఈ పాపంలో మా ఇంటికీ వాటా ఉంది. దాచను. మా చేను పదకొండేళ్ళుగా ఒక కౌలు రైతు చేసేవాడు. లీజు కాగితం రాసిన రోజు ఆయన్ని ఎవరం అడగలేదు. తెలిశాక వచ్చి అరుగుమీద కూర్చుని, "కనీసం ఈ సార్వా అయ్యేదాకా ఆగుంటే బాగుండేదండీ" అన్నాడు. అంతే. కేకలెయ్యలేదు, కన్నీళ్ళు పెట్టుకోలేదు. ఆ మరుసటి ఏడు ఆ మనిషే అదే చెరువు గట్టుమీద రాత్రి కాపలాకు కుదిరాడు. ఏరేటర్ల రొదలో, టార్చిలైటు పట్టుకుని, తను దమ్ము చేసిన నేల చుట్టూ తిరిగాడు. మా దగ్గర అన్యాయం జరిగింది. "అందరూ ఇస్తున్నారు కదా" అని సర్దిచెప్పుకున్నాం. అందరూ అలాగే సర్దిచెప్పుకున్నారు.

ఈ జిల్లాల్లో నాగలి పట్టేవాళ్ళలో ఎక్కువమంది కౌలు రైతులే. ఆసామి రాజమండ్రిలోనో, హైదరాబాదులోనో, డాలస్‌లోనో ఉంటాడు. 2019 చట్టం కింద కౌలు రైతుకు సాగు హక్కు కార్డు రావాలన్నా ఆసామి సంతకం కావాలి. అంటే ఎకరంలో ఎవరి చెమట పడుతోందో వాడికి నోరు లేదు. ఆ ఎకరాన్ని చెరువు చెయ్యడానికి వీడియో కాల్‌లో "సరే" అన్నవాడికి ఉంది. ఆ "సరే" అన్న పెద్దమనిషిని నేనడుగుతున్నాను. నీ చేను కిందున్న చేను ఎవరిదో నీకు తెలుసా? ఆ ఊళ్ళో చేతిపంపు నీళ్ళు ఈమధ్య ఎప్పుడైనా తాగి చూశావా?

పోనీ, ఒంటరిగా పోయినవాడైనా బాగుపడ్డాడా? 1994-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చినప్పుడు ఏం జరిగిందో చెరువు చేసిన ప్రతి ఇంటికీ తెలుసు. టైగర్ రొయ్య మీద అప్పులు తెచ్చి మేడలు లేపినవాళ్ళు రోడ్డున పడ్డారు. ఆ వైరస్ ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు పోవడానికి వాళ్ళే దారి వేశారు. రోగమొచ్చిన చెరువు నీళ్ళను చీకట్లో డ్రెయినులోకి వదిలేస్తే, తెల్లారి అదే డ్రెయినులోంచి కిందవాడు తన చెరువుకు తోడుకున్నాడు. తన రొయ్య చచ్చాక పక్కవాడికి ఒక్క మాట చెబితే నాలుగు చెరువులు బతికేవి. చెప్పలేదు. 2009 తర్వాత వనామి రొయ్య వచ్చింది. రొయ్య మారింది, పద్ధతి మారలేదు. నీళ్ళు తీసేదీ వదిలేదీ ఇప్పటికీ చాలాచోట్ల ఒకే డ్రెయిను.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేస్తే, రొయ్యల కౌంటు ధరలు పడిపోయి చెరువు రైతులు గగ్గోలు పెట్టారు. ఆదుకోమని ప్రభుత్వాన్ని అడిగారు. అడగడం తప్పని నేననను, ఆ కష్టం నిజమైనదే. కానీ లాభం వచ్చినన్నాళ్ళూ "నా చేను నా ఇష్టం" అని, నష్టమొచ్చిన రోజున "మనందరం రైతులం" అనే నోటికి ఒక లెక్క చెప్పాల్సిన బాధ్యత ఉంది. ఆ మనందరిలో పక్కచేను వరి రైతు లేడా? కొలువులేని కూలీ లేడా? ఒక ఎకరం వరిలో ఊడ్పుకీ కలుపుకీ కోతకీ దిగే ఆడవాళ్ళెందరు, ఒక ఎకరం చెరువు మీద పనున్నవాళ్ళెందరు? ఊడ్పు పాటలు ఆగిపోయిన ఊళ్ళో ఆ ఆడవాళ్ళు ఎక్కడికి పోయారో ఎవరైనా లెక్క పెట్టారా?

కొల్లేరు చూడండి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్యనుండి మురుగును తనలోకి తీసుకుని ఉప్పుటేరు గుండా సముద్రానికి పంపే సరస్సది. మన ఊళ్ళు మునక్కుండా కాసే పెద్ద పళ్ళెం. ఎవడికందిన ముక్క వాడు గట్టేసుకున్నాడు. సంప్రదాయంగా చేపలు పట్టుకు బతికేవాళ్ళ పేరు చెప్పి డబ్బున్నవాళ్ళు తవ్వుకున్నారు. 1999లో అభయారణ్యమన్నారు, 2002లో రామ్‌సర్ గుర్తింపన్నారు, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు పేల్చారు. మళ్ళీ గట్లు లేచాయి. వానాకాలం వచ్చిందంటే లంక గ్రామాల దారులు మునుగుతాయి. మునిగేది మాత్రం గట్టు వేసినవాడి మేడ కాదు.

ఇక్కడ ఒక మాట ఎదురొస్తుందని నాకు తెలుసు. "వరిలో ఏముందండీ మిగిలేది? ధాన్యం తోలాక డబ్బుల కోసం తిరగాలి, తుపానొస్తే పనలు మొలకెత్తుతాయి, కౌలు బస్తాలు కొలిచాక చేతికి గడ్డి మిగులుతుంది. మమ్మల్ని చావమంటారా?" ఇది నిజమైన ప్రశ్న. వరి రైతుకు గిట్టడం లేదు. చెరువు తవ్వినవాళ్ళందరూ దురాశపరులని నేననడం లేదు. ఎక్కువమంది దారి తోచక తవ్వారు.

కానీ దారి తోచనప్పుడు ఏం చెయ్యొచ్చో ఈ డెల్టాయే ఒకసారి చూపించింది. 2011 సార్వాలో కోనసీమ రైతులు కలిసికట్టుగా సాగు మానేశారు. సుమారు లక్ష ఎకరాలు బీడు పెట్టారు. గిట్టుబాటు ధర లేదు, డ్రెయిన్లు పూడిపోయి చేలు మునుగుతున్నాయి, ఇక చెయ్యలేం అన్నారు. దేశం మొత్తం తిరిగి చూసింది. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. సమస్య తీరిపోయిందా అంటే లేదు. 2022లో కోనసీమలో మళ్ళీ పంట విరామం మాట వచ్చింది. అయినా ఒకటి మాత్రం తేలిపోయింది. ఒక్కడు చేను బీడు పెడితే "పాపం, చితికిపోయాడు" అంటారు. ఊళ్ళన్నీ బీడు పెడితే ఎందుకని అడగక తప్పదు. అప్పు, ధర, మురుగు, ఇవన్నీ ఒంటరివాడిని చంపే జబ్బులు. ఒక్కొక్కడూ తన పొక్లెయిన్ తను పిలుచుకుంటూ పోతే డ్రెయిను పూడిక ఎవరు తియ్యమంటారు? గుర్రపుడెక్క ఎవరు లాగమంటారు?

చట్టాలు లేవా అంటే కొరతేం లేదు. పంట భూముల్ని రొయ్యల చెరువులు చెయ్యకూడదని 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 1997లో నీటి సంఘాల చట్టం వచ్చింది, కాలవ రైతులదే అంది. 2020లో ఆక్వాకు ప్రత్యేక చట్టమే వచ్చింది. కాగితం ఎప్పుడూ ఉంటుంది. గట్టుమీద నిలబడి "ఆగు" అనే మనిషి ఉండడు. ఎందుకంటే వాడికి రేపు తన చేనూ చెరువుకు ఇవ్వాల్సి వస్తుందేమోనన్న భయం.

నేను కోరేది స్పష్టంగా చెబుతాను. ఏ చేను చెరువవ్వాలన్నా ఒక్క ఆసామి సంతకం చాలదు. ఆ బోదె కింద ఉన్నవాళ్ళంతా, కౌలు రైతులతో సహా, ఊళ్ళో కూర్చుని ఒప్పుకోవాలి. చెరువులు ఉండేచోట ఒక్కచోటే ఉండాలి. వాటి నీళ్ళకు దారి వేరు, మురుగుకు దారి వేరు ఉండాలి. శుద్ధి చెయ్యని నీరు ఒక్క చుక్క పంట డ్రెయినులోకి వదిలితే అది పక్కింట్లో విషం కలిపినంత నేరమని ఊరే అనాలి. రోగమొస్తే గంటలో పక్కవాడికి చెప్పాలి. ఇవేవీ పెద్ద కోరికలు కావు. వంతులవారీ నీళ్ళు వచ్చిన రోజుల్లో, "నా వంతయింది, నీది పెట్టుకో" అని అర్ధరాత్రి పక్కరైతు తలుపు తట్టినవాళ్ళ మనవలం మనం.

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక ఎగిరింది. 1986 ఆగస్టులో గట్లు తెగిన సంగతి కళ్ళారా చూసిన పెద్దవాళ్ళు ఆ రాత్రి ఇళ్ళల్లో ఉండలేదు. మేమంతా ఏటిగట్టు మీదే ఉన్నాం. గట్టులోంచి ఒకచోట నీరు ఊరుతుంటే ఇసుక బస్తాలు చేతులు మార్చుకుంటూ మోశాం. నాకు బస్తా అందించింది మా కౌలు రైతు. నేనందించింది ఆ చెరువు ఆసామికి. డెబ్బయ్యేళ్ళ మనిషి, పంచె ఎగగట్టి, మోకాల్లోతు బురదలో నిలబడి ఉన్నాడు. 1858లో మద్రాసు ప్రభుత్వం గట్టు తెగే వేళ కూలిజనాన్ని నిర్బంధంగా పనికి రప్పించడానికి చట్టమే చేసింది. ఆ రాత్రి మమ్మల్ని ఎవరూ రప్పించలేదు. ఆ గట్టు తెగితే ఎవరి చేను మునుగుతుందని ఎవరూ అడగలేదు.

తెల్లవారుజామున ఊట ఆగింది. టీ కేనులోంచి గ్లాసులు పంచుతుంటే చెరువు ఆసామి నాతో అన్నాడు. "మీ నాన్నుంటే ఈ పాటికి నన్ను నాలుగు తిట్టేవాడు రా." తిట్టేవారే. చెరువు గురించే తిట్టేవారు. ఆ మాట నేను ఆయనతో అనేశాను. ఆయన తలొంచుకుని, గ్లాసు కింద పెట్టి, ఇంకో బస్తా ఎత్తాడు.

ఆ రాత్రి ఆ గట్టుమీద మనకు తెలిసిన సంగతి తక్కిన మూడువందల అరవైనాలుగు రోజులూ ఎందుకు తెలియదు? ఇదే నా కోపం. ఇది ఆ చెరువు ఆసామి మీద కాదు, ఆ సంగతి తెలిసి కూడా మర్చిపోతున్న మనందరి మీద.