వీధికి వెల

ఈ మాసమున మిమ్ము స్వీడను దేశపు రాజధానియగు స్టాక్‌హోమునకు గొనిపోవుదును. ఆ నగరము పదునాలుగు దీవులపై వెలసినది. నడుమ నున్న గామ్లాస్టాన్, అనగా పాతపట్టణము, మధ్యయుగమునాటి సందులతో నేటికిని నిలిచియున్నది. అందొక సందు మిక్కిలి ఇరుకైన చోట 90 సెంటీమీటర్ల వెడల్పే! నగరమధ్యమునకు బోవు దారులలో పెక్కు వంతెనలు దాటునవే. ఉదయసాయంకాలములందు మోటారుకార్లు బారులుతీరి ఆ వంతెనలపై పొగ గ్రక్కుచు నిలిచిపోవుచుండెడివి.

2006 జనవరి 3వ తేదీన నచ్చట నొక పరీక్ష మొదలయ్యెను. నగరమధ్యమును జుట్టి పదునెనిమిది తావుల కెమేరాల నమర్చిరి. పనిదినములలో ఉదయము 6-30 మొదలు సాయంకాలము 6-30 వరకు ఆ యెల్ల దాటిన కారునకు, పోవునపుడును వచ్చునపుడును, సుంకము విధించిరి. రద్దీవేళ 20 క్రోనారులు, తక్కిన వేళల 15 గాని 10 గాని. ఎన్నిమారులు దాటినను దినమునకు 60కి మించకుండెను. రాత్రులందును, శని ఆదివారములందును సుంకము లేదు. నాకు మిక్కిలి నచ్చిన సంగతి యొకటి గలదు. సుంకము వసూలు చేయుటకు ముందే, 2005 ఆగస్టులోనే, సుమారు రెండువందల క్రొత్త బస్సులను నడపిరి. ఒక దారి కట్టివేయుటకుముందు వేరొక దారి తెరచుట యింటి యిల్లాండ్రకు దెలిసిన నేర్పే గదా!

అయినను జనులు మండిపడిరి. ఇన్నాళ్లు ఊరక నడచిన వీధికి వెల యేమి? ధనికుడు రూకలు విసరి పోవును, పేదవాడు గట్టున నిలుచును గదా? ఈ యాక్షేపణ త్రోసివేయదగినది కాదు. పేదలలో బలువురు బస్సుననే పోవుదురన్నమాట నిజమే. కాని కారుదప్ప గతిలేని పనివారికిని, వినోదమునకై తిరుగు శ్రీమంతునకును సుంక మొక్కటే.

ఫలిత మేమనగా, ఎల్ల దాటు బండ్లలో ఇంచుమించు అయిదవవంతు తగ్గినవి. ఇంతేనా యందురేమో! అంచుదాక నిండిన గిన్నెనుండి గరిటెడు తీసినచాలును, పొర్లుట మానును. వంతెనలపై వేచియుండు కాలము చాల తగ్గినది. తరువాత కొందరు ఆర్థికశాస్త్రజ్ఞులు పరిశీలించి, అయిదేండ్లలోపు పసిబిడ్డలకు వచ్చు తీవ్రమైన ఉబ్బసపు బాధలు తగ్గినవనియు, కాలము గడచినకొలది ఆ మేలు హెచ్చినదనియు దేల్చిరి. దగ్గుబిడ్డను రాత్రియంతయు భుజముపై వేసికొని తిరిగిన తల్లికి దీని విలువ వేరుగ జెప్పనేల?

జూలై 31తో పరీక్ష ముగిసెను. కార్లు మరల వచ్చినవి! సెప్టెంబరు 17వ తేదీన ఓట్లు వేయగా, మునుపు వలదన్న నగరవాసులే సగమునకు మించి కావలెననిరి. 2007 ఆగస్టు 1 మొదలు సుంకము స్థిరమైనది. 2020 నుండి రద్దీకాలమున అది 45 క్రోనారులదాక బెరిగినది.

చుట్టుపట్ల ఓట్లు దీసిన యూళ్లలో మాత్ర మెక్కువమంది వలదనిరి. సుంకము చెల్లించువారిలో వారును గలరు. చల్లబడిన వీధి నగరములోని వారిది. నేనా పొరుగూరి దాననై, నిత్యము వంతెన దాటి పనికి బోవుచుండినచో, ఏ చీటి వేసియుందునో నిశ్చయముగ జెప్పజాలను.