గట్టు దాటితే నైపుణ్యం పోతుందా?



ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నా. మిరప కాయ కల్లంలో ఉంది, కాపలా కూర్చున్న చోటే ఫోన్లో రాస్తున్నా. ఎక్కడో జెనీవా సంగతి మనకెందుకులే అని మధ్యలో వదిలేయకండి. తిరిగి తిరిగి అది మన కూలి దగ్గరికి, మన పంట ధర దగ్గరికే వస్తుంది.

మొన్నామధ్య మా ఊరికి నైపుణ్య శిక్షణ అని కొంతమంది వచ్చారు. ఎవరు, ఏ సంస్థ అనేది చెప్పను, ఈ గొడవ ఒక్క సంస్థది కాదు. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. అందరి దగ్గరా ఆధార్ తీసుకున్నారు, ఫారం నింపారు. ఫారంలో ఒక గడి ఉంది: ‘ప్రస్తుతం ఉన్న నైపుణ్యం’. మా వీధి చివర ఉండే అక్క వంతు వచ్చింది. ముప్పై ఏళ్ల నుంచీ మా ఊళ్లో సగం మిరప నారు ఆవిడ చేతి మీదే లేస్తోంది. ఏం చదువుకున్నావమ్మా అన్నాడు ఆ కుర్రాడు. చదువుకోలేదు బాబూ అంది. అంతే, ఆ గడిలో ‘నిల్’ అని రాసేశాడు.

ఆ అక్క నారు మడిలో చెయ్యి పెట్టి చూసి ఈ పూట తడి వద్దు అంటే వద్దు. కల్లంలో కాయని గుప్పిట్లో పట్టుకుని నొక్కి, చెవి దగ్గర ఆడించి, ఇంకా రెండు ఎండలు కావాలి అంటుంది. ఒక ఎండ తక్కువైతే బూజు, ఒక ఎండ ఎక్కువైతే రంగు పోయి కాయ విరిగిపోతుంది. తాలు కాయ ఏరడానికి కూర్చుంటే ఆవిడ చేతులు మాట్లాడుకుంటున్నట్టు ఉంటాయి, కళ్లతో చూసే పని కూడా లేదు. యార్డులో బస్తా విప్పినప్పుడు మనకొచ్చే రేటులో ఆవిడ వాటా ఎంతో మనందరికీ తెలుసు. ఆవిడకి నిల్ అట.

సాయంత్రానికి అందరికీ ఒక టోపీ, ఒక సంచీ ఇచ్చి, ఫొటోలు తీసుకుని వెళ్లిపోయారు. సర్టిఫికెట్లు తర్వాత వచ్చాయి. నాకూ ఒకటి వచ్చింది. దాన్ని బీరువాలో పట్టాదారు పాసుపుస్తకం పక్కన పెట్టా. ఇంతవరకూ ఏ వ్యాపారీ దాన్ని చూపించమని అడగలేదు, ఏ బ్యాంకూ అడగలేదు.

ఈ బాధ మా తమ్ముడి కూతురికి చెప్పుకున్నా. ఆ అమ్మాయి హైదరాబాదులో పీజీ చదువుతోంది. పెదనాన్నా, ఇదంతా మన జిల్లాలో పుట్టింది కాదు, దీని వేరు చాలా దూరంలో ఉంది అని కొన్ని కాగితాలు తీసి చదివి వినిపించింది. నేను ఇంటర్ దాకా చదివినవాణ్ణి. నాకు అర్థమైనంత వరకు మీకు చెప్తా.

స్విట్జర్లాండ్ దేశంలో జెనీవా అని ఊరు. అక్కడ అంతర్జాతీయ కార్మిక సంస్థ ఉంది, ఐఎల్‌ఓ అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయాక 1919లో పెట్టారు. మన దేశం మొదటి రోజు నుంచీ అందులో సభ్యురాలు. పని గంటలు, కూలి, బాల కార్మికులు, ఇలాంటి వాటి మీద ప్రపంచానికి కట్టుబాట్లు రాసేది అక్కడే. అందులో నైపుణ్యాల కోసం, ఉద్యోగానికి పనికొచ్చే అర్హత కోసం ఒక శాఖే ఉంది. ఆ శాఖ నడిపేవాళ్లు వాడిన మాటలు ఢిల్లీకి వస్తాయి, ఢిల్లీ నుంచి రాష్ట్రానికి, చివరికి మా పంచాయతీ ముందు షామియానా కింద ఫారం అవుతాయి.

ఇప్పుడు అసలు తమాషా వినండి. ప్రపంచంలో ఉన్న పనులన్నిటినీ తరగతులుగా విడదీసి ఐఎల్‌ఓ ఒక పట్టిక వేసింది. ఇప్పుడు వాడుతున్నది 2008 నాటిది. అందులో ఆరో తరగతి పేరేంటో తెలుసా? నైపుణ్యం కలిగిన వ్యవసాయ, అటవీ, మత్స్య పనివారు. మనమే! కమతం చేసుకునే రైతు నైపుణ్యం ఉన్నవాడే అని వాళ్ల పుస్తకంలోనే ఉంది. అదే పట్టికలో తొమ్మిదో తరగతి ప్రాథమిక పనులు, అంటే అందరికన్నా అడుగున. వ్యవసాయ కూలీలని తీసుకెళ్లి అందులో పడేశారు. మన దేశం వృత్తుల పట్టిక 2015లో తయారైంది, అది కూడా ఇదే అచ్చు మీద పోసింది.

ఇప్పుడు మన బతుకు చూడండి. నాకు రెండెకరాల సొంతం, రెండెకరాల కౌలు. సీజన్లో నా చేలో పని అయిపోతే నేనూ, మా ఇంటావిడా పక్క చేలోకి కూలికి పోతాం. మీలో చాలామంది పోతారు, సిగ్గుపడేదేం లేదు. నా గట్టు ఇవతల మిరప మొక్క వంగి నాటితే నేను ఆరో తరగతి నిపుణుణ్ణి. గట్టు దాటి పక్కాయన చేలో అదే మొక్క, అదే నడుము వంచి నాటితే తొమ్మిదో తరగతి కూలీని. గట్టు దాటేటప్పుడు నా చేతిలో ఉన్న నైపుణ్యం ఎక్కడ జారిపోయింది? ఆ గట్టు మీద గరికలో పడిందా?

మన ఉపాధి హామీ చట్టం కూడా చూడండి, 2005లో వచ్చింది. అందులో పని పేరే నైపుణ్యం అక్కర్లేని శారీరక శ్రమ అని రాశారు. చెరువు కట్టకి మట్టి ఎలా వేస్తే నిలుస్తుందో తెలిసిన పెద్దాయన ఉంటాడు, మొదటిసారి పార పట్టిన కుర్రాడు ఉంటాడు. ఇద్దరిదీ నైపుణ్యం అక్కర్లేని పనే. ఆ పనికి డబ్బులొచ్చాయి, పూట గడిచింది, కాదనను. కానీ ఒక పేరు తగిలించారంటే దానికో రేటు కూడా తగిలించినట్టే. గోడ కట్టేవాణ్ణి మేస్త్రి అంటాం. ఆ పేరుంది కాబట్టి కూలీ కన్నా ఎక్కువ అడుగుతాడు, మనం ఇస్తాం. నారు పోసే అక్కకి అలాంటి పేరు ఎవరూ పెట్టలేదు.

మరి ఐఎల్‌ఓ వాళ్లకి ఇది తెలియదా? తెలుసు, అదే నా కోపం. 2004లో వాళ్లు 195వ నంబరు సిఫారసు చేశారు. బళ్లో నేర్చుకున్నా, పనిలో నేర్చుకున్నా, మనిషికున్న నైపుణ్యాన్ని పరీక్షించి గుర్తించే పద్ధతి ప్రతి దేశమూ పెట్టాలని అందులో ఉంది. అంతకుముందే 1975లో 142వ నంబరు ఒప్పందం రాశారు. మనిషి తన శక్తిని తన మేలు కోసం, తన ఆశలకి తగ్గట్టు పెంచుకునేలా శిక్షణ ఉండాలని దాంట్లో ఉంది. మన దేశం దానికి 2009లో ఒప్పుకుంది. రాతలో తప్పు లేదు. ఆ రాత మన ఊరు చేరేసరికి ఏమవుతుందో చూసే కన్ను లేదు.

ఉన్న నైపుణ్యాన్ని గుర్తించడం అనే పథకం మన దగ్గర స్కిల్ ఇండియాలో కూడా పెట్టారు, అది 2015లో మొదలైంది. పేరు బాగానే ఉంది. కానీ లెక్క దేనికి? ఎంతమందికి సర్టిఫికెట్ ఇచ్చాం అన్నదానికే పెద్దపీట. ఆ కాగితం వచ్చాక మనిషి కూలి పది రూపాయలు పెరిగిందా అని మా ఊళ్లో ఇంతవరకూ ఎవరూ వచ్చి అడగలేదు. విత్తనం ఎన్ని ప్యాకెట్లు చల్లామో రాసుకుని, మొలిచిందో లేదో చూడకుండా ఇంటికి పోయే వ్యవసాయం మనలో ఎవరైనా చేస్తామా?

ఇక పిల్లల సంగతి. ‘ఉద్యోగానికి పనికొచ్చే అర్హత’ అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మా బంధువుల కుర్రాడు డిగ్రీ చేసి, మూడు నెలల కోర్సు చేసి, సిటీలో గోడౌన్‌లో పార్శిళ్లు కడుతున్నాడు. అడిగితే నీకు స్కిల్ తక్కువ అంటున్నారు బాబాయ్ అంటాడు. ఇంకో కోర్సు, ఇంకో కోర్సు. ఉద్యోగాలు ఎన్ని ఉన్నాయో చెప్పరు, తప్పు మాత్రం కుర్రాడిది. కాలవకి నీళ్లు వదలకుండా మొక్కకి ఎదిగే శక్తి లేదంటే ఒప్పుకుంటామా? ఆ 195వ సిఫారసులోనే ఈ అర్హతకి అర్థం రాశారు. అందులో గౌరవమైన పని అనే మాట కూడా ఉంది. ఇక్కడికొచ్చేసరికి అర్హత మిగిలింది, గౌరవమైన పని దారిలో ఎక్కడో రాలిపోయింది.

ఎందుకు రాలిపోయింది? ఆ గదిలో మనవాళ్లు లేరు కాబట్టి. ఏటా జూన్ నెలలో జెనీవాలో పెద్ద సభ జరుగుతుంది. ఒక్కో దేశానికి నాలుగు ఓట్లు. రెండు ప్రభుత్వానివి, ఒకటి యజమానులది, ఒకటి కార్మికులది. మరి రెండెకరాల రైతు ఎవరు? నాలుగు రోజులు కూలీలని పిలుస్తాం కాబట్టి యజమానులమా? నాలుగు రోజులు కూలికి పోతాం కాబట్టి కార్మికులమా? యజమానుల సంఘం మనల్ని తన మనిషి అనుకోదు, కార్మిక సంఘాల్లో మన పేర్లు లేవు. మన దేశంలో పనిచేసేవాళ్లలో దాదాపు 46 శాతం వ్యవసాయంలోనే ఉన్నారని 2023-24 సర్వే చెప్పింది. అంతమందికి అక్కడ మనది అని చెప్పుకునే కుర్చీ ఒక్కటీ లేదు.

అలాగని ఏడుస్తూ కూర్చోమనడం లేదు. ఇదే ఐఎల్‌ఓ 1975లో 141వ నంబరు ఒప్పందం కూడా రాసింది, గ్రామీణ శ్రామికుల సంఘాల గురించి. గ్రామీణ శ్రామికులంటే కూలీలు ఒక్కరే కాదు, కౌలుదారులు, పాలుకి చేసేవాళ్లు, సొంతంగా దున్నుకునే చిన్న రైతులు కూడా అని అందులో స్పష్టంగా ఉంది. వీళ్లంతా ఎవరి అనుమతీ లేకుండా తమకి నచ్చిన సంఘం పెట్టుకోవచ్చని ఉంది. మన దేశం దీనికి 1977లోనే సంతకం పెట్టింది. అంటే రైతూ కూలీ ఒకే గొడుగు కింద కూర్చునే హక్కు మనకి దాదాపు యాభై ఏళ్ల నుంచి ఉంది. మనమే వేరు వేరు అరుగుల మీద కూర్చున్నాం.

ఇక్కడ మన తప్పు కూడా ఒప్పుకోవాలి. ఆ అక్క నైపుణ్యానికి రేటు పెంచాలి అని రాస్తున్నానే, ఆ కూలి ఇవ్వాల్సింది ఎవరు? నేనే. నా దగ్గర లేదు అంటా. నిజంగానే లేదు. కానీ ఇంకో సంగతి కూడా తెలుసుకోండి. వరికీ పత్తికీ మద్దతు ధర కట్టేటప్పుడు మన ఇంటి మనుషుల చాకిరీని ఖర్చులో వేస్తారు. దేని ప్రకారం వేస్తారు? కూలి రేటు ప్రకారమే. అంటే ఆ అక్క పని నైపుణ్యం లేనిది అని రాసినప్పుడు నా పనికీ, మా ఇంటావిడ పనికీ కూడా అదే విలువ కట్టినట్టు. ఆవిడ కూలిని నొక్కేసి మనం బాగుపడతాం అనుకుంటే మన కాడి మనమే విరుచుకున్నట్టు. మన మిరపకైతే ఆ మద్దతు ధర కూడా లేదు, అది వేరే గొడవ.

ఈయన శిక్షణే వద్దంటున్నాడు అనుకునేరు. డ్రిప్పు పైపులు బాగుచేయడం, ట్రాక్టరు ఇంజను విప్పడం, కొత్త పురుగుని గుర్తుపట్టడం, ఇవన్నీ నేర్పితే నేనే ముందు వరసలో కూర్చుంటా. 2021లో నల్ల తామర పురుగు మన మిరప తోటల్ని ఎలా ఊడ్చిందో మర్చిపోలేదు. ఆ రోజు దాన్ని ముందుగా పోల్చుకోవడం ఎవరైనా నేర్పి ఉంటే దండం పెట్టేవాణ్ణి. నేర్పండి, కానీ ముందు మాకు వచ్చింది ఏంటో అడిగి రాసుకోండి.

జెనీవాలో ఇప్పుడు ఆ సంస్థకి పెద్దగా ఉన్నది టోగో దేశస్థుడు గిల్బర్ట్ హుంగ్బో. 2022లో వచ్చాడు. అంతకుముందు పేద రైతుల కోసం దేశాలకి అప్పులిచ్చే ఐక్యరాజ్యసమితి వ్యవసాయ నిధికి అధ్యక్షుడు. చిన్న రైతు అంటే ఎవరో ఆయనకి ఒకరు చెప్పనక్కర్లేదు. ఆయన కింద నైపుణ్యాల విధానం నడిపే కుర్చీలో ఎవరు కూర్చున్నా నేను అడిగేది ఇదే. ఎన్ని కోట్ల మందికి నేర్పాం అన్న లెక్క పక్కన పెట్టండి. నేర్చుకున్న ఏడాదికి కూలి ఎంత పెరిగింది, రైతుకి ఎంత మిగిలింది, ఆ లెక్క అన్ని దేశాల నుంచీ అడగండి. పని చేసే గట్టుని బట్టి కాదు, చేసే చేతిని బట్టి తరగతి రాయండి.

మన మాట అంత దూరం పోతుందా అంటారు. ఏమో, పోకపోవచ్చు. షామియానా దాకా మాత్రం పోతుంది. ఈసారి మీ ఊరికి శిక్షణ అని ఎవరొచ్చినా, టోపీ తీసుకునే ముందు మూడు ప్రశ్నలు అడగండి. పోయినసారి నేర్పినవాళ్లలో ఎంతమందికి కూలి పెరిగింది? ఈ కాగితం చూపిస్తే ఎవరు ఎంత ఎక్కువ ఇస్తారు? మా దగ్గర ఉన్న పనితనాన్ని మీ ఫారంలో ఎక్కడ రాస్తారు? జవాబు లేకపోతే గ్రామసభలో అదే మాట మినిట్స్ పుస్తకంలో రాయించండి. రైతులూ కూలీలూ కలిసి సంతకాలు పెట్టండి.

మా ఊళ్లో ఆ అక్కతో మొదలుపెట్టాం. వచ్చే నారు సీజన్ నుంచి ఆవిడ నారు మడికి కూలి కాదు, మేస్త్రి రేటు ఇద్దామని నేనూ ఇంకో నలుగురు రైతులం అనుకున్నాం. ఆవిడకి చెప్తే నవ్వి, ముందు మీ కాయ అమ్ముడుపోనీ తమ్ముడూ అంది.

కాయ ఇంకా కల్లంలోనే ఉంది. రెండు ఎండలు కావాలని ఆవిడే చెప్పింది.

జై కిసాన్.